పన్నీరు: అపోహలు - వాస్తవాలు

మా షాపుకొచ్చే వాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే: "ఇదేంటండీ, రంగే లేదు?" ముందు దాంతోనే మొదలుపెడతాను.

అపోహ: గులాబీ రేకులు మరిగించి వడగడితే పన్నీరు వస్తుంది.

అది పన్నీరు కాదు, కషాయం. రెండు రోజుల్లో పులుస్తుంది. పన్నీరంటే ఆవిరి చల్లారి దిగిన నీరు. ఆవిరితో వాసన వస్తుంది కానీ రంగు రాదు. నేను ఈ పని నేర్చుకున్నది ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో. తెల్లవారుజామున కోసిన పూలు వాడిపోకముందే 'దేగ్' అనే రాగి కాగులో పడాలి. నీళ్ళు పోసి మూతపెట్టి, అంచు చుట్టూ దూది కలిపిన బంకమట్టి మెత్తుతారు. వెదురు గొట్టంలోంచి ఆవిరి 'భప్కా' అనే పొడుగుమెడ రాగి కూజాలోకి దిగుతుంది. కూజా నీళ్ళతొట్టిలో ఉంటుంది. థర్మామీటర్ మాటే లేదు. అక్కడి పెద్దాయన కూజా మీద చెయ్యి ఆనించి, వేడెక్కిందనిపిస్తే పొయ్యిలోంచి ఒక కట్టె లాగేసేవాడు. ఒకసారి నేను ఆలస్యం చేశాను. ఆ వాయిలో గులాబీ కంటే ఉడికిన తోటకూర వాసనే ఎక్కువ!

అపోహ: నీళ్ళలో అత్తరు చుక్క వేసినా అదే.

అత్తరు నూనె, నీళ్ళలో కలవదు. కన్నౌజ్‌లో అత్తరు తీసేటప్పుడు భప్కాలో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు, గులాబీ వాసనను అది పట్టుకుంటుంది. పన్నీరుకైతే కూజా ఖాళీ. గులాబీ వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నీళ్ళలో కరుగుతుంది కాబట్టే పన్నీరుకు ఆ పరిమళం.

అపోహ: గులాబీ అత్తరును కనిపెట్టింది నూర్జహాన్.

ఆమె తల్లి అస్మత్ బేగం పన్నీరు తీస్తుంటే పైన తేలిన తెట్టే ఆ అత్తరని జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అత్తగారి గొప్పను అల్లుడే ఒప్పుకున్నాక మనకెందుకు అనుమానం?

అపోహ: ఇది ఒక మతం వాళ్ళ వస్తువు.

మక్కాలో కాబాను కడిగే జమ్‌జమ్ నీళ్ళలో పన్నీరు కలుపుతారు. మన గుళ్ళలో అభిషేకానికీ, పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర చల్లడానికీ అదే పన్నీరు. 'గులాబ్' అన్న మాటే పారశీకం: గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు.

అపోహ: ఏ రోజ్ వాటరైనా వంటలో వేయొచ్చు, కళ్ళలోనూ వేసుకోవచ్చు.

కళ్ళలో వద్దే వద్దు, అది కంటి మందులా క్రిములు లేకుండా తయారుచేసింది కాదు. ముఖానికి రాసుకునే రకంలో తినకూడనివి కలిసి ఉండొచ్చు, వంటకైతే సీసా మీద వంటకు పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి. బిర్యానీకి దమ్ పెట్టే ముందు ఒక చెంచా చల్లితే చాలు. గులాబ్ జామూన్ పాకంలో మాత్రం స్టవ్ కట్టేసి, కాస్త చల్లారాకే పోయండి. మరుగుతుండగా పోస్తే వాసన ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, జామూన్‌లో మాత్రం ఉండదు.