బాధ్యత అంటే ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్... అక్కడితో ఆగితేనే ఇబ్బంది

నర్సింగ్ ఉద్యోగానికో, మాస్టర్స్‌కో జర్మనీ వెళ్లాలని జర్మన్ భాషలో బి1, బి2 స్థాయిలు చదువుతున్నవాళ్ల నోటుపుస్తకం ఏది తెరిచినా ఒకటే తీరు. ఎడమవైపు జర్మన్ మాట, మధ్యలో ఈక్వల్ గుర్తు, కుడివైపు తెలుగో ఇంగ్లిషో. 'ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్ = బాధ్యత'. ఇలా పుస్తకం నింపేసి, "మాటలన్నీ వచ్చు సార్, వాక్యమే రావట్లేదు" అంటారు. వచ్చినవి మాటలు కావు, అర్థాలు.

అపోహ: అర్థం తెలిస్తే మాట వచ్చినట్టే

కుర్చీ, చెంచా, తాళంచెవి లాంటి వాటికి ఇది కొంతవరకు నడుస్తుంది. వేలు పెట్టి చూపిస్తే ఎదుటివాళ్లు అందుకుంటారు. భావనామానికి, అంటే బాధ్యత, అనుభవం లాంటి ముట్టుకోలేని వాటి పేరుకు, ఆ వెసులుబాటు లేదు. పక్కన ఏ క్రియ రావాలి, ఏ ప్రిపొజిషన్ రావాలి, అది ఏ కేసు (విభక్తి) అడుగుతుంది అన్నవి తెలియకపోతే ఆ మాట నోట్లోనే ఉండిపోతుంది.

ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్‌నే తీసుకోండి. మనం బాధ్యత 'తీసుకుంటాం' కాబట్టి చాలామంది తిన్నగా 'నేమెన్' పెట్టేస్తారు. జర్మన్‌లో దాని జోడీ 'యూబర్‌నేమెన్'. బాధ్యత మోస్తున్నాం అనడానికి 'ట్రాగెన్'. బరువు మోయడానికి వాడే క్రియే అది, మనకూ అలవాటైన పోలికే. యూబర్‌నేమెన్ ఇక్కడ విడిపోయే క్రియ కాదు. 'ఇష్ నేమె' అని మొదలుపెట్టి చివర 'యూబర్' తగిలిస్తే తప్పు. జరిగిపోయిన పని చెప్పే పర్ఫెక్ట్‌లో 'యూబర్‌గెనొమెన్' అన్నా తప్పే. 'ఇష్ హాబె డీ ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్ యూబర్‌నొమెన్' అనాలి, మధ్యలో 'గె' రాదు.

ఇక ప్రిపొజిషన్. దేని బాధ్యత అంటే 'ఫ్యూర్', దాని తర్వాత ఎప్పుడూ అక్యూజటివ్ (మన 'ని, ను' లాంటి కేసు). ఎవరి పట్ల బాధ్యత అంటే 'గేగెన్యూబర్', దానికి డేటివ్ (మన 'కి, కు' లాంటి కేసు). ఒక రోగి బాధ్యత నాది అనాలంటే 'ఇష్ ట్రాగె డీ ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్ ఫ్యూర్ డేన్ పాట్సియెంటెన్'. రోగి ఒక్కరే అయినా చివర '-ఎన్' వస్తుంది, అది ఆ మాట స్వభావం. నర్సింగ్ బ్యాచ్‌లలో ఎక్కువగా జారిపోయేది ఈ '-ఎన్' దగ్గరే.

ఈ మాట కడుపులో 'ఆంట్‌వోర్ట్' ఉంది, అంటే జవాబు. ఆ లెక్కన మన 'బాధ్యత' కన్నా 'జవాబుదారీ' దీనికి దగ్గరి చుట్టం. 'ట్సూర్ ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్ ట్సీయెన్' అంటే ఎవరినైనా నిలబెట్టి జవాబు అడగడం.

ఈక్వల్ గుర్తు చేసే అసలు నష్టం ఇంకొకటుంది. తెలుగులో 'బాధ్యత' ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది. జర్మన్‌లో ఆ నాలుగింటికీ నాలుగు మాటలు. చేసితీరాల్సిన విధి అయితే 'డీ ప్ఫ్లిష్ట్'. నష్టం జరిగితే చట్టప్రకారం డబ్బు కట్టాల్సిన పూచీ 'డీ హాఫ్టుంగ్'. ఈ పని ఎవరి పరిధిలోది అన్నది 'ట్సూష్టెండిష్‌కైట్'. ఆ పని ఎలా జరిగిందో జవాబు చెప్పుకోవాల్సింది ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్. వార్డులో 'వేర్ ఇస్ట్ ఫ్యూర్ డీజెస్ ట్సిమర్ ట్సూష్టెండిష్?' అని అడిగితే ఈ గది ఇవాళ ఎవరు చూస్తున్నారనే అర్థం. అందులో నింద ఏమీ లేదు. నాలుగూ బాధ్యతే అని బట్టీపట్టినవాళ్లు తప్పు తమ మీద వేస్తున్నారనుకుని కంగారుపడతారు. అదే, కట్టడం జరుగుతున్న చోట బోర్డు మీద 'ఎల్టర్న్ హాఫ్టెన్ ఫ్యూర్ ఈరె కిండర్' అని ఉంటే తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లలు చేసిన నష్టానికి తల్లిదండ్రులే కట్టుకోవాలని అది హెచ్చరిక.

అపోహ: డేర్, డీ, డాస్‌లకు లాజిక్ లేదు, అంతా బట్టీయే

నామం ముందు వచ్చే ఈ ఆర్టికల్స్ దాని లింగం చెబుతాయి: డేర్ పుంలింగం, డీ స్త్రీలింగం, డాస్ నపుంసకలింగం. వస్తువుల పేర్ల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. భావనామాల దగ్గర మాత్రం తలకిందులు. చాలావాటికి చివర చూసి చెప్పేయొచ్చు. -ఉంగ్, -హైట్, -కైట్, -షాఫ్ట్, -టేట్, -ఇయోన్ ప్రత్యయాలుగా వస్తే డీ. -ఇస్ముస్ వస్తే డేర్. క్రియను ఉన్నదున్నట్టు నామం చేస్తే, అంటే మన 'నేర్చుకోవడం' లాంటి 'లెర్నెన్' అయితే, డాస్. -టూమ్‌కు డాస్, కానీ ఇర్‌టూమ్ (పొరపాటు), రైష్‌టూమ్ (సంపద) రెండూ డేర్. ఈ ప్రత్యయాల్లో నిజంగా బట్టీ పట్టాల్సింది -నిస్ ఒక్కటే. అందులో డాస్ ఎక్కువ, డీ కూడా ఉన్నాయి. డాస్ ఎర్గేప్‌నిస్, కానీ డీ ఎర్‌లౌప్‌నిస్, డీ కెంట్‌నిస్.

ఒక జాగ్రత్త. -ఉంగ్ ప్రత్యయం అయితేనే ఈ సూత్రం. ష్ప్రుంగ్, ష్వుంగ్ లాంటి వాటిలో అది ధాతువులోనే ఉంది కాబట్టి అవి డేర్.

సూత్రం తెలిసినవాళ్లు కూడా పడే గుంట ఇంకొకటి. పుస్తకంలో 'మిట్ డేర్ ఎర్‌ఫారుంగ్' (అనుభవంతో) అని చూసి, ఈ మాటకు డేర్ అని రాసుకుంటారు. అది డేటివ్‌లో మారిన డీ. దీనికి మందు జీఎంబీహెచ్. జర్మన్ కంపెనీల పేర్ల చివర కనిపించే ఆ నాలుగక్షరాల పూర్తిరూపం 'గెజెల్‌షాఫ్ట్ మిట్ బెష్రెంక్టర్ హాఫ్టుంగ్', పరిమిత పూచీ ఉన్న సంస్థ. -షాఫ్ట్ ఒకటి, -ఉంగ్ ఒకటి, రెండూ డీ. 'మిట్' డేటివ్ అడిగింది, ఆర్టికల్ లేదు కాబట్టి ఆ '-ఎర్' భారం విశేషణం మీద పడి 'బెష్రెంక్టర్' అయింది. ఈ ఒక్క పేరు నోటికి వస్తే సగం పట్టిక వచ్చినట్టే. ఆర్టికల్ చోట 'ద' అని నమిలేస్తే ఎవరూ పట్టుకోరని చెప్పే రీల్స్ జోలికి పోకండి. మాట్లాడేటప్పుడు తప్పించుకున్నా, రాసేటప్పుడు ఎక్కడ నములుతారు?

ముప్పై దాటాక మొదలుపెట్టి, ఇక నాకు రాదేమోనని బెంగపడేవాళ్లకు ఒక మాట. ఆర్టికల్ ఒకటి తప్పినంత మాత్రాన పరీక్ష పోదు, ఎదుటివాళ్లకు అర్థం కాకుండానూ పోదు. నెమ్మదిగా మాట్లాడండి చాలు.

అపోహ: భావనామాలకు బహువచనం ఉండదు

కొన్నింటికి ఉండదు, కొన్నింటికి ఉండి అర్థమే మారుతుంది. వాడుకలో డీ షుల్ట్ అంటే తప్పు, షుల్డెన్ అంటే అప్పులు. ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్‌కు నిఘంటువు బహువచనం చూపిస్తుంది కానీ, సీవీలో 'రెస్పాన్సిబిలిటీస్'ను దానితో అనువదించకండి. అక్కడ రాసేది 'ఔఫ్‌గాబెన్', అంటే పనులు.

అపోహ: సమాసంలో వచ్చే 'స్' జెనిటివ్ గుర్తు

కాదు. స్త్రీలింగానికి జెనిటివ్‌లో (మన 'యొక్క' లాంటి కేసులో) 'స్' రాదు, అయినా 'ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్స్‌గెఫ్యూల్' (బాధ్యతాభావం)లో ఉంది. అది అతుకు మాత్రమే. -ఉంగ్, -హైట్, -కైట్, -షాఫ్ట్ తర్వాత తప్పక వస్తుందనుకోండి. లింగం ఆఖరి మాటది. గెఫ్యూల్ డాస్ కాబట్టి మొత్తం డాస్.

కార్డు మీద ఈక్వల్ గుర్తు బదులు ఏం రాయాలి? మొదటి వరుసలో ఆర్టికల్‌తో మాట, బహువచనం వాడుకలో ఉంటే అది. రెండో వరుసలో జోడీ క్రియలు, రెండు చాలు. మూడోదాంట్లో ప్రిపొజిషన్, కేసు. నాలుగోదాంట్లో మీ ఉద్యోగానికి పనికొచ్చే ఒక పూర్తి వాక్యం. అర్థం వెనకవైపు. రోజుకు ఐదు కార్డులు మించితే నాలుగో వరుస ఖాళీగా మిగిలిపోతుంది. డూడెన్ లాంటి నిఘంటువులో మాట తర్వాత గీత, కామా, '-ఎన్' అని కనిపిస్తే, మొదటి గీత జెనిటివ్‌లో ఏమీ మారదని, రెండోది బహువచనంలో '-ఎన్' చేరుతుందని.

కార్డు చదివేటప్పుడు పైకి చదవండి. ఫెర్‌ఆంట్‌వోర్టుంగ్‌లో మొదటి అక్షరం రాతలో 'వీ', పలుకులో 'ఫ'. నడిమి 'డబుల్యూ' పలుకులో 'వ'. చివర మన అలవాటుకొద్దీ 'ఉంగు' అనేస్తాం. అక్కడ 'గ' వినపడకూడదు. 'వాఙ్మయం' అనేటప్పుడు 'ఙ' దగ్గర నాలుక ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆపాలి.