ఉప్పునీటి గుల్లల సంతానోత్పత్తి: అపోహలు - వాస్తవాలు

అపోహ: గుల్లల్లో ఆడ, మగ తేడా ఉండదు.

వాస్తవం: కాకినాడ అఖాతంలో దొరికే అనడారా, మెరిట్రిక్స్ గుల్లల్లో సాధారణంగా ఆడవి, మగవి వేరువేరుగానే ఉంటాయి. అయితే చిప్పను ఎంత తిప్పి చూసినా ఆ తేడా తెలియదు. గుల్లను తెరిచి, పాదం (గుల్ల కదలడానికి వాడే కండ) మొదట్లో ఉన్న బీజకోశాన్ని (అండాలు లేదా వీర్యం తయారయ్యే అవయవాన్ని) సూదితో గుచ్చి, కారిన పాలలాంటి ద్రవాన్ని ఒక చుక్క సముద్రపు నీటిలో కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆడదైతే విడివిడి అండాలు, మగదైతే సన్నగా కదలాడే వీర్యకణాల గుంపు కనిపిస్తాయి. అమెరికా తూర్పు తీరపు మెర్సినేరియా గుల్లల్లో మాత్రం చాలావరకు తొలుత మగవిగానే పక్వమై, తరువాత వాటిలో కొన్ని ఆడవిగా మారతాయి.

అపోహ: కోసినప్పుడు కారే ఆ తెల్లని ద్రవం మాంసం చెడిందనడానికి గుర్తు.

వాస్తవం: అది పక్వమైన బీజకోశంలోని ద్రవం. ఆ దశలోనే మాంసం నిండుగా ఉంటుంది. అండాలు, వీర్యం విడుదలయ్యాక పలచబడుతుంది.

అపోహ: ఒక్కో ఆడ గుల్ల లక్షల అండాలు విడుస్తుంది కనుక ఎంత తీసినా తరగవు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. ఈ గుల్లలు జతకట్టవు. అండాలనూ వీర్యాన్నీ నీటిలోకే వదులుతాయి, ఫలదీకరణ అక్కడే జరుగుతుంది. నీటిలో కలిసిన వీర్యం పక్కనున్న గుల్లలను కూడా ప్రేరేపిస్తుంది. హేచరీలలో (గుల్ల పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాలలో) మేము నీటి ఉష్ణోగ్రతను మార్చినా స్పందించని తల్లి గుల్లలకు కొద్దిగా వీర్యద్రవం కలపడం ఇందుకే. తీతలో మేట (గుల్లలు గుంపుగా ఉండే చోటు) పలచబడి గుల్లలు దూరదూరమైతే వీర్యం నీటిలో చెదిరిపోయి, ఎన్ని అండాలున్నా చాలావరకు వ్యర్థమవుతాయి. ఫలించినవి ఒక్క రోజులోనే సూక్ష్మమైన చిప్పను ఏర్పరచుకున్నా, నేలకు దిగేవరకు, మన వెచ్చని నీళ్లలో సుమారు ఒకటి నుంచి మూడు వారాలు, ప్లవకాలుగా అలలపాలై తేలుతూ, అత్యధికం చేపలకూ ఇతర జీవులకూ ఆహారమవుతాయి. కాబట్టి మేటలో మిగిలే ప్రతి పెద్ద గుల్లకూ విలువ ఉంది.

కేరళలోని అష్టముడి సరస్సులో పాఫియా గుల్లల దిగుబడి 1990ల తొలి ఏళ్లలో బాగా పడిపోయాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు తీత ఆపి, వల కన్ను పరిమాణంపైనా చిన్న గుల్లల ఎగుమతిపైనా ఆంక్షలు పెట్టారు. ఆ మత్స్యసంపదకు 2014లో, వనరు తరగకుండా సాగే వేటను గుర్తించే అంతర్జాతీయ సంస్థ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ లభించింది. భారతదేశంలో అదే మొదటిది. గుల్లలకు పెరిగి అండాలు విడిచే అవకాశం ఇవ్వడమే ఆ ఆంక్షల ఉద్దేశం.