హ్యాటీ మెక్‌డానియల్‌కి ఆస్కార్ ఇచ్చారు సరే, కూర్చోబెట్టింది ఎక్కడ?

2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతిలో చనిపోయాక అమెరికా జనం అంతా రోడ్ల మీద ఉన్న టైంలో, ఆన్‌లైన్‌లో సినిమాలు చూపించే హెచ్‌బీఓ మ్యాక్స్ వాళ్ళు 'గాన్ విత్ ద విండ్' సినిమాని కొన్నాళ్ళు తీసి పక్కన పెట్టి, తర్వాత ముందు ఒక పరిచయం తగిలించి మళ్ళీ పెట్టారు. ఆ కొద్ది రోజుల్లోనే గొడవ అంతా ఇంతా కాదు. బానిసల మీద నడిచిన రోజుల్ని అందంగా చూపించిన సినిమా, తీసేస్తే పీడా పోతుందని కొందరు. అది తీసేస్తే అందులో నటించి ఆస్కార్ కొట్టిన మొదటి నల్లజాతి మనిషిని కూడా తీసేసినట్టే కదా అని ఇంకొందరు. ఆవిడ పేరు హ్యాటీ మెక్‌డానియల్. ఇందులో కొత్త ఏమీ లేదు, ఆవిడ బతికుండగానే ఇదే వాదన ఆవిడ మొహం మీదే జరిగింది, అదీ పదేళ్ళ పాటు.

ఇది అర్థం కావాలంటే ముందు ఆ సినిమాలో ఆవిడ వేసిన పాత్ర ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. లావుగా, తలకి గుడ్డ కట్టుకుని, తెల్లదొరల పిల్లల్ని కన్నబిడ్డల్లా సాకుతూ, తనకంటూ ఇల్లూ వాకిలీ మొగుడూ పిల్లలూ ఏమీ లేనట్టుండే 'మామీ'. 1865లో బానిసత్వం రద్దయ్యాక, అంతర్యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాది రాష్ట్రాల వాళ్ళు పాత రోజుల్ని తలుచుకుంటూ ఈ బొమ్మని బాగా పెంచి పోషించారు, బానిసలు మా దగ్గర సుఖంగానే ఉండేవాళ్ళు అని చెప్పుకోడానికి ఇంతకంటే పనికొచ్చేది ఏముంది. 1893లో చికాగో వరల్డ్ ఫెయిర్‌లో ఆంట్ జెమైమా అనే బ్రాండ్ పాన్‌కేక్ పిండి అమ్మడానికి నాన్సీ గ్రీన్ అనే ఆవిడని ఇదే వేషంలో నిలబెట్టారు, ఆవిడ నిజంగానే బానిసగా పుట్టిన మనిషి. 1923లో అయితే వాషింగ్టన్‌లో మామీకి విగ్రహం పెట్టడానికి సెనేట్ ఓకే కూడా చెప్పింది! నల్లవాళ్ళు గట్టిగా ఎదురు తిరగడంతో కింది సభలో ఆగిపోయింది.

హ్యాటీ కూడా 1893లోనే పుట్టింది, జూన్ 10న, కాన్సస్‌లోని విచితాలో. పదమూడు మంది పిల్లల్లో ఆఖరిది. అమ్మా నాన్నా ఇద్దరూ ఒకప్పటి బానిసలే. నాన్న హెన్రీ అంతర్యుద్ధంలో ఉత్తరాది వైపు నల్లవాళ్ళ పటాలంలో పోరాడి, గాయాలతో బయటపడి, పెన్షన్ కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అమ్మ సుసాన్ చర్చి పాటలు బాగా పాడేది. కుటుంబం కొలరాడోకి మారి డెన్వర్‌లో స్థిరపడింది, హ్యాటీ అక్కడే చదువుకుంటూ, అన్న ఓటిస్ నడిపే స్టేజీ ట్రూపులో పాడుతూ ఆడుతూ పెరిగింది. 1914 నాటికి అక్కతో కలిసి అందరూ ఆడవాళ్ళే ఉండే ట్రూప్ ఒకటి పెట్టింది, అందులో ఆవిడ చేసిన కామెడీ ఏంటో తెలుసా, ఈ మామీనే వెటకారం చెయ్యడం. తర్వాత జీవితాంతం సీరియస్‌గా వెయ్యాల్సొచ్చిన పాత్రని ముందు వెక్కిరించింది ఆవిడే.

1920ల్లో జార్జ్ మారిసన్ బ్యాండుతో ఊళ్ళు తిరిగింది, రేడియోలో పాడింది, చికాగోలో తను రాసుకున్న బ్లూస్ పాటలు రికార్డు చేసింది. అంతా బాగుంది అనుకునేలోపు 1929లో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, షోలు ఆగిపోయాయి. మిల్వాకీ దగ్గర సామ్ పిక్ అనే ఆయన క్లబ్బులో లేడీస్ బాత్రూం దగ్గర తువ్వాళ్ళు అందించే పని దొరికింది. స్టేజీ మీద తెల్లవాళ్ళే పాడాలి అక్కడ. కానీ ఈవిడ గొంతు సంగతి తెలిసి ఒక రాత్రి పాడనిచ్చారు, ఇక ఏడాది పైగా ఆవిడే అక్కడ స్టార్.

1931లో లాస్ ఏంజెలెస్ వెళ్ళింది, అప్పటికే అన్న శామ్, అక్కలు ఎట్టా, ఓర్లీనా అక్కడ చిన్నా చితకా వేషాలు వేస్తున్నారు. రేడియోలో 'హై హ్యాట్ హ్యాటీ' అని పేరొచ్చింది గానీ ఆ డబ్బులు ఏ మూలకీ చాలక నిజంగానే తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిమనిషిగా చేసింది. అంటే పగలు ఒకరింట్లో పనిమనిషి, సినిమాలో ఇంకొకరింట్లో పనిమనిషి.

హాలీవుడ్‌లో అప్పుడు ఇంకో దారి లేదు అని ఊరికే అనడం కాదు, రాతపూర్వకంగానే లేదు. 1930లో సినిమాల్లో ఏం చూపించొచ్చో ఏం చూపించకూడదో స్టూడియోలు రాసుకున్న ప్రొడక్షన్ కోడ్‌లో నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య ప్రేమ వ్యవహారం చూపించకూడదు అని స్పష్టంగా ఉంది. హీరోలు అందరూ తెల్లవాళ్ళే అయినప్పుడు ఇక నల్ల అమ్మాయి హీరోయిన్ ఎలా అవుతుంది. దానికి తోడు దక్షిణాది థియేటర్ల వాళ్ళు నల్లవాళ్ళు కాస్త దర్జాగా కనిపిస్తే రీలే కత్తిరించేసేవాళ్ళు. మిగిలింది వంటగది ఒక్కటే.

ఆ వంటగదిలో కూడా ఆవిడ ఏం చేసిందో చూడాలంటే 1935లో వచ్చిన 'ఆలిస్ ఆడమ్స్'లో డిన్నర్ సీన్ చూడండి. డబ్బున్న కుర్రాడు ఇంటికొస్తున్నాడని, లేని గొప్పలు చూపించుకోడానికి ఆ ఇంటివాళ్ళు ఒక్క సాయంత్రానికి పనిమనిషిని పెట్టుకుంటారు. ఉక్కపోత. హ్యాటీ బబుల్‌గమ్ నముల్తూ, తల మీద లేసు టోపీ పక్కకి జారిపోతుంటే, వేడి వేడి సూప్ పట్టుకుని తీరుబడిగా నడిచొస్తుంది, మొహంలో ఒక్క ముక్క మర్యాద లేదు. ఆ నడకలోనే ఆ ఇంటి డాంబికం అంతా బయటపడిపోతుంది. పెద్ద డైలాగులేం లేవు, క్యాథరిన్ హెప్‌బర్న్ లాంటి హీరోయిన్ ఎదురుగా ఉన్నా మన కళ్ళు ఈవిడ మీదే ఉంటాయి. పనిమనిషికి ఇంత పొగరేంటి అని సణిగిన తెల్ల ప్రేక్షకులు అప్పట్లో చాలామందే.

ఇక 1939. 'గాన్ విత్ ద విండ్' తీస్తున్నారని తెలియగానే నల్లవాళ్ళ పత్రికలూ, వాళ్ళ హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ గట్టిగా అభ్యంతరం చెప్పడంతో నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ నవలలో ఉన్న బూతులాంటి ఆ జాతి తిట్టుని స్క్రిప్టులోంచి తీసేశాడు. కథ మాత్రం అదే కథ. డిసెంబర్ 15న అట్లాంటాలో ప్రీమియర్. జార్జియా చట్టాల ప్రకారం తెల్లవాళ్ళ థియేటర్‌లో నల్లవాళ్ళు కూర్చోకూడదు కాబట్టి హ్యాటీకి పిలుపు లేదు. క్లార్క్ గేబుల్ అయితే నేనూ రాను అన్నాడనీ, ఆవిడే బతిమాలి పంపించిందనీ చెప్తారు. అంతకు ముందు రోజు జరిగిన పార్టీలో ఒక చర్చి పిల్లల చేత బానిస పిల్లల వేషాలు వేయించి పాటలు పాడించారు, అందులో ఒక పదేళ్ళ పిల్లాడి పేరు మార్టిన్ లూథర్ కింగ్.

1940 ఫిబ్రవరి 29 రాత్రి అంబాసిడర్ హోటల్లోని కోకోనట్ గ్రోవ్‌లో ఆస్కార్ ఫంక్షన్. ఆ హోటల్లోకి నల్లవాళ్ళని రానివ్వరు. సెల్జ్నిక్ ప్రత్యేకంగా అడిగి పర్మిషన్ తెచ్చాడు, అయినా సినిమా టీంతో పాటు కూర్చోబెట్టలేదు, గోడ పక్కన ఒక చిన్న టేబుల్ దగ్గర, తోడొచ్చిన మనిషితో, ఏజెంట్‌తో కూర్చుంది. ఆ సినిమాలోనే నటించిన ఒలీవియా డి హావిలాండ్ కూడా అదే సహాయ నటి అవార్డుకి పోటీలో ఉంది. మెట్ల మీద ఎక్కుతూ, చనిపోయిన పసిపిల్ల గురించి హ్యాటీ ఈ ఒలీవియాకే ఏడుస్తూ చెప్పే సీన్ చూస్తే అవార్డు ఎందుకొచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. జుట్టులో తెల్ల గార్డీనియా పూలతో వెళ్ళి, మా జాతికీ సినిమా పరిశ్రమకీ ఎప్పుడూ మంచి పేరే తెస్తానని ఆశిస్తున్నా అని చెప్పి, మాట పూర్తి చేసి, ఏడుస్తూ మళ్ళీ ఆ గోడ పక్క టేబుల్‌కే వచ్చింది. చేతికిచ్చింది బంగారు బొమ్మ కూడా కాదు, సహాయ పాత్రల వాళ్ళకి అప్పట్లో చిన్న ఫలకమే ఇచ్చేవాళ్ళు.

అవార్డు తర్వాత పెద్ద పాత్రలొస్తాయనుకుంటాం కదా, వచ్చినవి మళ్ళీ పనిమనిషి వేషాలే. 1942లో ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ హాలీవుడ్‌కి వచ్చి స్టూడియో పెద్దలతో మీటింగులు పెట్టి, ఈ మామీ వేషాలు ఆపండి, నల్లవాళ్ళని మామూలు మనుషుల్లా చూపించండి అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. కానీ ఆ మాటలు వెళ్ళి తగిలింది స్టూడియో ఓనర్లకి కాదు, హ్యాటీ లాంటి వాళ్ళకి. వారానికి 700 డాలర్లకి పనిమనిషి వేషం వెయ్యకపోతే 7 డాలర్లకి నిజం పనిమనిషిగా చెయ్యాలి అని ఆవిడ అన్నట్టు చెప్పే మాట ఆ రోజులదే. నన్నడిగితే ఇద్దరిదీ తప్పు లేదు, పాత్రలు రాసేది ఒకరు, డబ్బు పెట్టేది ఒకరు, కోడ్ పెట్టింది ఇంకొకరు, సంజాయిషీ చెప్పాల్సింది మాత్రం ఈవిడ! వాల్టర్ వైట్ ముందుకు తెచ్చిన గాయని లీనా హార్న్‌ పాటల్ని కూడా ఎమ్‌జీఎమ్ వాళ్ళు దక్షిణాదిలో ఈజీగా కోసేసుకునేలా విడిగానే తీశారు. ఆ గొడవల మధ్యలోనే హ్యాటీ ఆ అమ్మాయిని ఇంటికి పిలిచి ధైర్యం చెప్పిందని లీనానే తర్వాత చెప్పుకుంది.

సినిమాలు తగ్గాక 1947లో రేడియోలో 'బ్యూలా' షో దొరికింది. అదీ పనిమనిషి పాత్రే, తమాషా ఏంటంటే అంతకు ముందు ఆ గొంతు ఇచ్చింది ఒక తెల్ల మగాడు. హ్యాటీ యాస వంకర తిప్పి మాట్లాడను అని ముందే కండిషన్ పెట్టి చేసింది, నెట్‌వర్క్ రేడియోలో సొంత షో నడిపిన మొదటి నల్లజాతి స్త్రీ అయ్యింది. టీవీ వెర్షన్‌లో కొన్ని ఎపిసోడ్లు చేసేసరికి బ్రెస్ట్ క్యాన్సర్ బయటపడింది. 1952 అక్టోబర్ 26న పోయింది, 59 ఏళ్ళకి.

హాలీవుడ్ సిమెట్రీలో పూడ్చమని వీలునామాలో రాసుకుంది. నల్లవాళ్ళకి చోటు లేదన్నారు. రోజ్‌డేల్‌లో పూడ్చారు. 1999లో కొత్త ఓనర్ వచ్చి ఇక్కడికి మార్చుకోండి అంటే కుటుంబం వద్దంది, చివరికి అక్కడ ఒక స్మారకం మాత్రం పెట్టారు. ఆస్కార్ ఫలకాన్ని వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీకి రాసిచ్చింది, కానీ ఇన్‌కమ్ ట్యాక్స్ బాకీలు ఆస్తి కన్నా ఎక్కువ తేలాయి. లెక్క కట్టినవాళ్ళు ఆ ఫలకం దగ్గర విలువ ఏమీ లేదని రాశారు. ఏమైతేనేం అది యూనివర్సిటీకి చేరి, డ్రామా డిపార్ట్‌మెంట్‌లో కొన్నాళ్ళుండి, మాయమైంది. 60ల్లో ఉద్యమం చేసిన స్టూడెంట్లు పొటోమాక్ నదిలో విసిరేశారని ఒక కథ బాగా తిరిగింది, దానికి ఆధారం ఒక్కటీ దొరకలేదు. 2023 అక్టోబర్ 1న ఆస్కార్ ఇచ్చే అకాడమీ వాళ్ళే అచ్చం అలాంటి ఫలకం కొత్తది చేయించి యూనివర్సిటీకి ఇచ్చారు.

అవార్డుల లెక్కకొస్తే, హ్యాటీ తర్వాత నటనకి ఆస్కార్ తీసుకున్న రెండో నల్లజాతి స్త్రీ వూపీ గోల్డ్‌బర్గ్, అది 1991లో. మధ్యలో యాభై ఏళ్ళు. మెయిన్ హీరోయిన్ అవార్డు హాలీ బెర్రీకి 2002లో, అది ఇప్పటికీ ఆవిడ ఒక్కదానికే. 2010లో ఆస్కార్ గెలిచిన నటి మోనిక్ జుట్టులో గార్డీనియా పెట్టుకుని వెళ్ళి, నేను పడకూడదని ఇవన్నీ తను పడింది అని హ్యాటీ పేరు చెప్పి థాంక్స్ చెప్పింది. 2015, 2016 రెండేళ్ళూ నటుల నామినేషన్లు ఇరవైకి ఇరవై తెల్లవాళ్ళవే, ఆన్‌లైన్‌లో పెద్ద దుమారం లేచాకే అకాడమీ మెంబర్లని మార్చడం, సినిమాలకి కొత్త రూల్స్ పెట్టడం మొదలెట్టింది.

నాకైతే ఆవిడ గెలిచిన పెద్ద గెలుపు సినిమాది కాదు, ఇంటిది. 40ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్ ఆడమ్స్ హైట్స్ అనే చోట పెద్ద ఇల్లు కొనుక్కుంది. నల్లవాళ్ళలో డబ్బూ పేరూ ఉన్నవాళ్ళు చాలామంది అక్కడ కొనడంతో దానికి షుగర్ హిల్ అని పేరొచ్చింది, నటి లూయీస్ బీవర్స్, గాయని ఎథెల్ వాటర్స్ కూడా అక్కడివాళ్ళే. ఆ ఏరియా దస్తావేజుల్లో నల్లవాళ్ళకి అమ్మకూడదు, వాళ్ళు ఉండకూడదు అని షరతు ఉంది, దాన్ని పట్టుకుని కొందరు తెల్ల ఇరుగుపొరుగు వీళ్ళని ఖాళీ చేయించమని కోర్టుకెళ్ళారు. హ్యాటీ ఇంట్లోనే మీటింగులు పెట్టి పక్కవాళ్ళందర్నీ కూడగట్టింది. కేసు వాదించింది లోరెన్ మిల్లర్, ఎన్‌ఏఏసీపీ కేసులు చూసే లాయరే, అంటే సినిమాల్లో ఈవిడ పాత్రల్ని తిట్టిన సంస్థ వైపు మనిషే ఈవిడ ఇల్లు కాపాడాడు. 1945 డిసెంబర్‌లో జడ్జి థర్మండ్ క్లార్క్ స్వయంగా వెళ్ళి ఆ వీధులు చూసొచ్చి, చట్టం ముందు అందరూ సమానమే అనే రాజ్యాంగం 14వ సవరణ ఇచ్చిన హక్కులు వీళ్ళకి పూర్తిగా దక్కాల్సిన టైం వచ్చింది అని కేసు కొట్టేశాడు. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు కూడా తేల్చింది, ఆ కేసుల్లో కూడా మిల్లర్ ఉన్నాడు. దేశమంతా ఇళ్ళ అమ్మకంలో జాతి చూడకూడదని చట్టం రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు, 1968 దాకా పట్టింది. ఆ లోపే 60ల మొదట్లో శాంటా మోనికా ఫ్రీవే వేస్తూ అధికారులు షుగర్ హిల్ మధ్యలోంచే రోడ్డు తీసుకెళ్ళారు, కోర్టులో నెగ్గి నిలబెట్టుకున్న ఇళ్ళు చాలా వరకు ఆ రోడ్డు కింద పోయాయి.