కూత ఆగేలోగా గీత

జయనగర్, బెంగళూరు

చిట్టీ, బుజ్జీ,

మీ అపార్ట్‌మెంట్‌లో సైకిళ్ళు పోతే పోలీసులు వచ్చి సీసీ కెమెరాలు చూసి వెళ్ళారటగా. కింద ఆడుకునే పిల్లల్ని కూడా అడుగుతామన్నారని బుజ్జి రాత్రంతా నిద్రపోలేదని మీ అమ్మ చెప్పింది. "తాతయ్యా, స్టేషన్‌కి రమ్మంటే వెళ్ళాలా?" అన్నావు కదరా, అది ఫోన్లో తేలేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

సాక్షిగా అడగడానికి 15 ఏళ్ళు నిండని మగపిల్లల్ని, ఏ వయసు ఆడవాళ్ళనైనా స్టేషన్‌కి రమ్మనకూడదు. వాళ్ళే మన ఇంటికి రావాలి. పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత, అందులో 179వ సెక్షన్ అది. 60 దాటిన మగవాళ్ళకీ అదే వర్తిస్తుంది, అంటే బుజ్జికీ నాకూ ఒకటే సెక్షన్. మీ నాన్నను పిలవచ్చు, కానీ కాగితం మీద రాసి పిలవాలి. "ఓసారి వచ్చి పో" అని నోటిమాటగా పిలవడం మామూలే. గొడవ పడక్కర్లేదు, "నోటీసు ఇవ్వండి సార్, వస్తాను" అంటే చాలు. అనుమానం మీద పిలిచే నోటీసు ఇంకొకటుంది, 35వ సెక్షన్‌ది. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "డిజిటల్ అరెస్ట్" అన్నవాడైతే దొంగే, చట్టంలో అలాంటిది లేనే లేదు. కాల్ కట్ చేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పాలి. ఈ ముక్క మీ అమ్మమ్మకు రెండుసార్లు చెప్పండి.

ఇక జవాబు. చూసింది చూసినట్టు చెప్పు. చూడకపోతే "చూడలేదు" అను. "ఆ నీలం చొక్కా అన్నయ్యేమో" అని మాత్రం అనకు. కాగితం మీదికెక్కేసరికి ఆ "ఏమో" ఊడిపోయి "అన్నయ్యే" మిగులుతుంది. జవాబు చెబితే తన మీదే కేసు పడే ప్రశ్న అయితే ఎవరైనా సరే చెప్పకుండా ఊరుకోవచ్చు. 180వ సెక్షన్, రాజ్యాంగంలో 20(3) అధికరణం ఆ వీలు ఇచ్చాయి. ఊరుకోవడం వేరు, అబద్ధం వేరు. నువ్వు చెప్పింది అక్కడ కన్నడంలో రాసుకుంటారు, చదివి వినిపించమని అడుగు. దాని కింద సంతకం పెట్టించుకోకూడదని 181వ సెక్షన్ అంటోంది. తెల్లకాగితం మీద సంతకం మాట ఇక చెప్పనే అక్కర్లేదు.

అరెస్టు సంగతి చిట్టి అడిగింది. మీరు టీవీలో చూసే కబడ్డీని మా ఊళ్ళో చెడుగుడు అనేవాళ్ళం. ముగ్గుపిండితో గీత, చెప్పులు ఓ పక్కన. మీకున్న 30 సెకన్ల గడియారం మాకెక్కడిది, కూతే గడియారం. గుక్క తిప్పుకున్నాడా లేదా అన్న తగువులోనే సగం ఆట అయిపోయేది. అరెస్టూ ఓ కూతే. మనిషిని పట్టుకున్న క్షణాన మొదలవుతుంది, 24 గంటల్లోగా మెజిస్ట్రేటు అనే గీత దగ్గరికి తీసుకురావాలి. దారిలో ప్రయాణానికి పట్టిన సమయం లెక్కలోకి రాదు. తొండి ఎక్కడ జరుగుతుందో చూడండి. రాత్రి 9కి తీసుకెళ్ళి, మర్నాడు పొద్దున 11కి అరెస్టు చేసినట్టు మెమోలో, అంటే అరెస్టు వివరాలు రాసే కాగితంలో, రాస్తే 14 గంటలు దొంగగుక్క అన్నమాట. అందుకే మెమోలో మొదట చూడాల్సింది తేదీ, టైము. ఆ మెమో మీద ఇంటివాళ్ళో వీధిలో పెద్దమనిషో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి, అరెస్టయినవాడూ పెట్టాలి. వాంగ్మూలానికి సంతకం వద్దు, మెమోకు కావాలి. పెద్దవాళ్ళు కూడా ఈ రెండింటినీ కలిపేస్తారు. ఎందుకు పట్టుకున్నారో రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మనకు తెలుగులో అడగొచ్చు. ఇంటికి కబురు చెప్పాలి. లాయరు ఆటంతా పక్కనే నిలబడరు గాని, ప్రశ్నల మధ్యలో కలవనివ్వాలి.

పోలిక ఇక్కడ తడబడుతోంది. చెడుగుడులో పట్టు పట్టినవాళ్ళదే గెలుపు, ఇక్కడ పట్టుకోవడంతో ఏదీ తేలదు. వదిలేద్దాం.

18 నిండని పిల్లల లెక్కే వేరు. లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్ళు వేయకూడదు, అమ్మానాన్నలకు వెంటనే చెప్పాలి, 24 గంటల్లోగా పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. ఆడవాళ్ళకు, పిల్లలకు రాబడితో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. ఆ నంబరు 15100, ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టుకోండి.

అరెస్టు చేసే పోలీసుకు పేరు స్పష్టంగా కనబడేలా ఉండాలని 36వ సెక్షన్. రేపు బడికి వెళ్ళేటప్పుడు సిగ్నల్ దగ్గరి కానిస్టేబుల్ గారి జేబు మీది పట్టీ చూడండి. కన్నడ అక్షరాలైతేనేం, తలకట్టు దగ్గరే కాస్త తేడా, మిగతావి చాలామట్టుకు మన అక్షరాలే. కూడబలుక్కుని చదివి, ఆయన పేరేమిటో ఆదివారం నాకు చెప్పండి.

మీ తాతయ్య