చెయ్యి ముందు, దెబ్బ వెనక

సంక్రాంతి సెలవుల్లో తిరుపతిలో కొండ కింద ఒక పెద్ద మైదానంలో కచేరీ అంటే, మా అక్క కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడికి పదేళ్ళు. ముందు వరసల్లో కుర్చీలు నిండిపోయాయి. వెనక్కి వెళ్ళి మట్టిలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. కచేరీకి ముందు పలకల (డప్పుల) వాళ్ళు వేదికెక్కారు. చేతులు బాగా పైకెత్తి వాయిస్తుంటే జనం ఈలలు. కాసేపటికి వాడు నా చొక్కా పట్టుకుని లాగాడు.

"మామా, ఆయన చెయ్యి ముందు పడతా ఉంది, దెబ్బ వెనక వినపడతా ఉంది. ఎందుకట్ల?"

వాడి కళ్ళు చురుకు. నేను ఎన్నో కచేరీలకు వెళ్ళాను గానీ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. వేదిక నుంచి మేం కూర్చున్న చోటికి 120 మీటర్లు ఉంటుందని అంచనా వేశాను. 20 డిగ్రీల చలిగాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే పలక మీద పడిన దెబ్బ మా దాకా రావడానికి సెకనులో మూడోవంతు పడుతుంది. వెలుగుకు మాత్రం ఈ దూరం లెక్కలోకే రాదు. అందుకే చెయ్యి ముందు, దెబ్బ వెనక.

సెకనులో మూడోవంతు అంటే తక్కువని అనిపిస్తుంది. తాళంలో అది చాలా ఎక్కువ. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఉండేది అర సెకనే. వెనక కూర్చున్నవాళ్ళు తమకు వినిపించిన తాళానికి సరిగ్గానే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు తిరిగి వేదికను చేరడానికి ఇంకో మూడోవంతు సెకను. అప్పటికి పాడేవాళ్ళు తర్వాతి దెబ్బ కూడా దాటిపోయి ఉంటారు. వేలమంది తమతో కలిసి తాళం వేస్తున్నా దాన్ని నమ్ముకుంటే పాట తప్పుతుంది. అందుకే పాడేవాళ్ళు చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తమ వాద్యకారుల తాళాన్నే వింటూ పాడతారు. జనం తాళం తప్పుతున్నారని విసుక్కునేవాళ్ళను చూశాను. జనం తప్పేం లేదు, మధ్యలో ఉన్న గాలి అంత సమయం తీసుకుంటుంది.

వేదికకు రెండు పక్కలా అరటిగెలలా వంకరగా వేలాడదీసిన స్పీకర్ల వరసలు ఉంటాయి కదా, ఎంత గొప్పవైనా వాటి శబ్దం దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. బయలులో మామూలు స్పీకరు దగ్గర దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ (శబ్దబలానికి కొలత) పడిపోతుంది. వెనకవాళ్ళకు వినపడాలని శబ్దం పెంచుకుంటూ పోతే ముందువాళ్ళ చెవులు పోతాయి. అందుకని మైదానం మధ్యలో స్తంభాలు పాతి ఇంకో జత స్పీకర్లు పెడతారు. అక్కడే చిక్కు. వైరులో సంకేతం క్షణంలో వస్తుంది, గాలిలో శబ్దం నడిచి వస్తుంది. ఆ స్తంభం 70 మీటర్ల దూరంలో ఉంటే, దాని కింద కూర్చున్నవాళ్ళకు పాట ముందు స్తంభం నుంచి, సెకనులో అయిదోవంతు తర్వాత వేదిక నుంచి, రెండుసార్లు వినిపిస్తుంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడి సాహిత్యం అర్థం కాదు.

అందుకే సౌండ్ ఇంజనీరు మధ్య స్తంభానికి వెళ్ళే సంకేతాన్ని ఆ అయిదోవంతు సెకను ఆపి వదులుతాడు. దాని మీద ఇంకో పది, పదిహేను మిల్లీసెకన్లు కలుపుతాడు. ఆ కొసరులోనే అసలు కిటుకు ఉంది. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలు చేసి చూపించాడు. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే, మన మెదడు రెండిటినీ కలిపి ఒక్కటిగా వింటుంది, ముందు వచ్చిన వైపు నుంచే వచ్చిందని అనుకుంటుంది. వెనక వచ్చింది కాస్త గట్టిగా ఉన్నా సరే. కాబట్టి పాట నెత్తి మీది స్పీకరు నుంచి వినిపిస్తున్నా, మనకు మాత్రం ఎదురుగా వేదిక మీదున్న మనిషే పాడుతున్నట్టు ఉంటుంది. మావాడికి చెప్పి స్తంభం వైపు చూపిస్తే, కళ్ళు మూసుకుని తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిజమే మామా, అక్కణ్ణుంచే వస్తా ఉంది" అని వేదిక వైపు వేలు పెట్టాడు.

తర్వాత అన్నమయ్య కీర్తనలు మొదలయ్యాయి. రెండో కీర్తన అయ్యాక మృదంగం ఆయన చిన్న రాయి తీసుకుని వలంతల (మృదంగం కుడివైపు ముఖం) అంచు మీద తట్టడం మొదలుపెట్టాడు. ఒక దెబ్బ, చెవి వంచి వినడం, మళ్ళీ దెబ్బ. పక్కన ఎవరో "ఇంకెంతసేపయ్యా" అన్నారు. అది తెచ్చిపెట్టుకున్న ఆలస్యం కాదు. సాయంత్రం నుంచి చలి దిగుతుంటే వేదిక మీది వాద్యాలన్నీ తలో దారి పడతాయి. గాలి చల్లబడితే అందులో శబ్దవేగం తగ్గి వేణువు శ్రుతి దిగుతుంది. అదే చలికి వీణ తీగలు బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది. మంచుకు చెమ్మ పట్టి మృదంగం చర్మం వదులవుతుంది. ఒక్క చలి మూడు వాద్యాలను మూడు రకాలుగా లాగుతుంటే, వాటిని మళ్ళీ ఒక శ్రుతిలోకి తేవడం చిన్న పనా!

మృదంగం ఆ మాత్రం శ్రుతిలో నిలబడటమే ఒక అద్భుతం. మామూలుగా బిగించిన చర్మాన్ని కొడితే అసలు స్వరంతో పాటు పుట్టే పైస్వరాలు ఒకదానికొకటి పొంతన కుదరవు. మొదటి స్వరం 1 అనుకుంటే తర్వాతివి 1.59, 2.14, ఇలా ఎక్కడెక్కడో పడతాయి. అందుకే చాలా డోళ్ళలో దెబ్బే తప్ప స్వరం వినపడదు. మృదంగం వలంతల మధ్య నల్లటి కరణి ఉంటుంది. రాతిపొడిని అన్నంతో మెదిపి పొర మీద పొరగా రుద్ది ఆరబెడతారు. ఆ బరువు వల్ల పైస్వరాలు 1, 2, 3, 4, 5 అనే వరసలోకి, తీగ వాద్యం లాగా, వచ్చి కూర్చుంటాయి. 1920లో సర్ సి.వి. రామన్ 'నేచర్' పత్రికలో దీన్ని లోకానికి చెప్పాడు. నోబెల్ తెచ్చిన పనికి ఎనిమిదేళ్ళ ముందు మాట అది. కరణి వేసే చేతులకు ఆ లెక్కలు తెలియవు, చెవికి తెలుసు. ఆ చేతుల మీద నాకు రామన్ మీదున్నంత గౌరవమూ ఉంది.

చెవి గురించి ఒక్క మాట. ఒక ఏడాది వేరే ఊళ్ళో సరదాకి స్పీకర్ల పక్కనే మూడు గంటలు నిలబడ్డాను. మర్నాడంతా చెవిలో కీచుమనే మోత. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు పదిహేను వేల చిల్లర ఉంటాయి, చచ్చినవి మళ్ళీ పుట్టవు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. పిల్లల్ని తీసుకెళ్తే వెనక కూర్చోండి, చెవిలో స్పాంజి ముక్కలు పెట్టండి.

పదిన్నరకు బయల్దేరాం. కిలోమీటరు నడిచినా పాట వినిపిస్తూనే ఉంది, పగలైతే ఇందులో సగం కూడా వినపడేది కాదు. పగలు నేల కాలి, దాని మీది గాలి వేడెక్కుతుంది. వేడిగాలిలో శబ్దం వేగంగా పోతుంది, పైన నెమ్మదిగా. ఎద్దులబండికి ఒక చక్రం బురదలో దిగబడితే బండి అటే తిరుగుతుంది కదా, శబ్దమూ నెమ్మదిగా పోయే వైపే తిరుగుతుంది. పగలు పైకి తిరిగి ఆకాశంలో కలిసిపోతుంది. రాత్రి నేల చల్లబడి కిందిగాలి చల్లనిదవుతుంది, పైగాలి వెచ్చగా ఉంటుంది. శబ్దం కిందికి వంగి, నేల మీదుగా దూరం పోతుంది. మబ్బు లేని, గాలి లేని రాత్రి మరీను. బయలులో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వద్దనీ, ప్రభుత్వం సడలించినా ఏడాదికి 15 రోజులకు మించి, అదీ అర్ధరాత్రి దాటి కూడదనీ 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతాయి. వేదిక దగ్గర ఉన్నవాళ్ళకు అది అడ్డంకిగా అనిపిస్తుంది. పరీక్షకు చదువుకునే పిల్ల, మందులేసుకుని పడుకున్న పెద్దాయన కిలోమీటరు దూరంలో ఉన్నా, ఈ గాలి వాళ్ళ మంచం దాకా పాటను మోసుకెళ్తుంది.

ఇదంతా మావాడికి చెబుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. చిత్తూరు దగ్గర పల్లెల్లో వేసవి వస్తే భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. మైకు సరిగ్గా లేని రోజుల్లో కూడా చెరువుకు అవతలి ఊళ్ళో వాయించే హార్మోనియం, మద్దెల మా మిద్దె మీదికి తేలి వచ్చేవి. అవ్వ పక్క మీద పడుకుని, ఆ మోత కాసేపు విని, "ఈ రాత్రి కర్ణమోక్షంరా" అనేది.