మాత్ర వేసుకుంటే ప్రార్థన చెల్లదా? ప్రార్థనపై అపోహలు - వాస్తవాలు

శుక్రవారం ఉపవాస కూడిక అయిపోయి అందరూ వెళ్తుంటే, చెప్పులు విడిచిన చోట ఎవరో ఒకరు ఆగి గొంతు తగ్గించి అడుగుతారు: "అయ్యగారూ, ప్రార్థన చేయించుకున్నాను కదా, ఇంక మాత్రలు ఆపేయొచ్చా? వేసుకుంటే నమ్మనట్టు అవుతుందంట కదా." మండలం మారినా, డినామినేషన్ మారినా ప్రశ్న మాత్రం ఇదే. సంఘ సేవలో ఉన్నవాళ్లు దీనికి గొణుగుతూ జవాబివ్వకూడదు. ఆపొద్దమ్మా. డాక్టరు చెప్పేదాకా ఒక్క పూట కూడా ఆపొద్దు.

అపోహ: మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టే

ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని ప్రాణాలు మిగతా అపోహలన్నీ కలిపినా పోయి ఉండవు. టీబీ సంగతే తీసుకోండి. మందు మొదలుపెట్టిన రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి తేరుకుంటాడు. సరిగ్గా అప్పుడే "స్వస్థత వచ్చేసింది" అని డబ్బా పక్కన పెట్టేస్తారు. మామూలు టీబీకి కోర్సు 6 నెలలు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మళ్లీ లేస్తాయి, ఆ మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదమూ ఉంది. అప్పుడు ఇంట్లో చంటిపిల్లలకు అంటుకునేది ఆ మొండి టీబీయే. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఒకదాని వెనక ఒకటి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పుట్టుకతోనో చిన్నతనంలోనో షుగరు వచ్చిన పిల్లలకు ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ఐసీయూ. మానసిక జబ్బుకు వాడే మందులైతే, ఆపిన వారాల తర్వాత జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు "దయ్యం మళ్లీ వచ్చింది" అంటారు. ఆ బిడ్డ పడే బాధ చెప్పనలవి కాదు.

వాక్యం ఏమంటుందో చూడండి. హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పొడిగిస్తానన్నాడు. ఆ మాట తెచ్చిన ప్రవక్త యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. తన సహచరుడు త్రోఫిము రోగియై ఉంటే మిలేతులో విడిచి వచ్చానన్నాడు. తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసేయమని తానే మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. వీళ్లలో ఎవరి విశ్వాసం తక్కువని చెబుతాం? మన ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్లు ఆసుపత్రులూ కట్టారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టించిన ఆసుపత్రి ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది.

ఇందులోనే ఇంకో క్రూరమైన మాట ఉంది: "నీ విశ్వాసం చాల్లేదు, అందుకే నయం కాలేదు." బిడ్డను పోగొట్టుకున్న తల్లితో కూడా ఈ మాట అనేవాళ్లున్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదని యేసు తేల్చి చెప్పాడు (యోహాను 9). ఆ తల్లికి మీరు వివరణ ఇవ్వాల్సిన పని లేదు. పక్కన కూర్చోండి, చాలు.

సాక్ష్యాల విషయంలో సంఘ పెద్దలు ఒక నియమం పెట్టుకోవాలి. జబ్బు నయమైందని మైకు పట్టుకునే ముందు మళ్లీ పరీక్ష చేయించుకుని రిపోర్టు చూపించమనండి. ఇది అవిశ్వాసం కాదు. కుష్ఠరోగిని బాగుచేసిన ప్రభువే "వెళ్లి యాజకునికి కనబరచుకో" అన్నాడు (మత్తయి 8:4). ఆ రోజుల్లో చర్మం చూసి నయమైందో లేదో తేల్చేది యాజకుడే. "మందులు మానేశాను" అనే మాట మాత్రం వేదిక మీద వద్దు. వినేవాళ్లలో వేరే జబ్బున్న మనిషి ఇంటికెళ్లి తన డబ్బా పారేస్తాడు.

అపోహ: ఉపవాసమంటే నీళ్లూ మందూ కూడా ముట్టకూడదు

కూడిక పదింటికి మొదలై రెండింటి దాకా సాగుతుంది. ఒక అమ్మ పొద్దున్న ఏడింటికి ఖాళీ కడుపుతో షుగరు మాత్ర వేసుకుని వస్తుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర, తిన్నారా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. పన్నెండున్నరకు, స్తుతి ఆరాధన ఊపులో, ఆమెకు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు "ఆత్మ దిగింది" అని ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారు. అక్కడ దిగింది షుగరు!

షుగరు మందు వాడే మనిషిలో ఈ గుర్తులు కనిపిస్తే షుగరు చూసే మిషను కోసం వెతుకుతూ కూర్చోకండి. మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత చూడండి. మిషనులో షుగరు 70 కంటే తక్కువే ఉన్నా, వణుకు తగ్గకపోయినా మళ్లీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఉపవాస కూడిక పెట్టే ప్రతి మందిరంలో బల్ల కింద ఒక గ్లూకోజు ప్యాకెట్టు, చెంచా, నీళ్లు ఉండి తీరాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా భోజనం మానొద్దు. మాత్ర మానేసి ఉపవాసం ఉంటానన్నా అదే జవాబు. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకుంటే ఉపవాసం చెడదు. కేథలిక్ సంఘం కూడా భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే ఉపవాస నియమాన్ని 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే పెట్టింది. దివ్యసత్ప్రసాదానికి (ప్రభువు బల్లకు) ముందుండే గంట ఉపవాసం నుంచి వృద్ధులకు, రోగులకు మినహాయింపు ఇచ్చింది. దానియేలు మూడు వారాలు మానింది రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం (దానియేలు 10). షుగరున్న అమ్మ కూరలో మసాలా మానొచ్చు, సీరియల్ మానొచ్చు, ఆ పూట ఒక ఆకలిగొన్న మనిషికి అన్నం పెట్టొచ్చు. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసంలో అన్నం పంచుకోవడం ఉంది.

అపోహ: ప్రార్థన నూనె తాగితే జబ్బు పోతుంది

యాకోబు 5:14లో ఉన్నది నూనె రాసి ప్రార్థించడం. తాగించడం ఎక్కడా లేదు. వేలి కొనతో నుదుటిమీద ఒక్క చుక్క చాలు. కళ్లలో, చెవుల్లో, కాలిన గాయం మీద, చంటిబిడ్డ నోట్లో అసలు వద్దు.

ఆసుపత్రికి వెళ్లి ప్రార్థించేవాళ్లకు కూడా కొన్ని మాటలు. ఇద్దరు వెళ్లండి, పదిమంది వద్దు. చేతులు కడుక్కోండి. "దేని కోసం ప్రార్థించమంటారు?" అని రోగినే అడగండి. చాలాసార్లు వాళ్ల దిగులు జబ్బు గురించి ఉండదు, ఇంట్లో వదిలి వచ్చిన పిల్లల గురించి ఉంటుంది. రెండు మూడు నిమిషాలు, మెల్లని గొంతుతో. పక్క మంచంలో కూడా ఒక రోగి ఉన్నాడు.

మిగిలినవి

గట్టిగా అరిస్తేనే వింటాడా? బిడ్డ కోసం ప్రార్థించిన హన్నాకు పెదవులే కదిలాయి, స్వరం వినబడలేదు. ఆమె మనవి నెరవేరింది. మోకరిస్తేనే ప్రార్థనా? సొలొమోను మోకరించాడు, దావీదు కూర్చున్నాడు, యేసు చెప్పిన ఉపమానంలో సుంకరి దూరంగా నిలబడ్డాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిశ్చింతగా కుర్చీలో కూర్చోండి. పాస్టరు గారి ప్రార్థనకే బలమెక్కువా? కాదు. ప్రార్థనకు రేటు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

పరలోక ప్రార్థన బట్టీ కొట్టిందని చిన్నచూపు చూస్తారు. వ్యర్థమైన మాటలు వద్దని చెప్పిన నోటితోనే, వెంటనే ప్రభువు దాన్ని నేర్పించాడు (మత్తయి 6). రోజుకు మూడుసార్లు చెప్పుకోమని తొలి క్రైస్తవుల బోధ గ్రంథం దిదాకేలో ఉంది. అర నిమిషంలో పరుగెత్తించకుండా, "అనుదినాహారము" దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ రోజు ఇంట్లో ఏం నిండుకుందో తలుచుకోండి.

జవాబు ఆలస్యమైతే తిరస్కరించినట్టా? 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద మిషనరీలైన జూయెట్ దంపతులు, వాళ్లతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలు చేరింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు.

కుటుంబ ప్రార్థనకు పది నిమిషాలు చాలు: ఒక కీర్తన, తలా ఒక మనవి, పరలోక ప్రార్థన. పిల్లలు నిద్రకు తూగే తొమ్మిదిన్నరకు కాదు, రాత్రి భోజనానికి ముందు పెట్టుకోండి. మనవులను ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. రాత్రి మాత్రల డబ్బా ఆ నోటుబుక్కు పక్కనే ఉంచితే రెండూ మరిచిపోరు.