కిల్స్ 18, మ్యాచ్ మాత్రం పోయింది: మోబా ఆటల మీద అపోహలు, వాస్తవాలు

"అన్నా, నావి 18 కిల్స్. అయినా ఓడిపోయాం. టీమంతా చెత్త."

విజయనగరంలో గేమింగ్ సెంటర్ నడుపుతున్న నాకు రోజూ వినిపించే మాట ఇదే. ఇంటర్ పిల్లలు, ఇంజినీరింగ్ పిల్లలు, పండక్కి ఇంటికొచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, అందరిదీ ఇదే బాధ. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక రాసి పెడుతున్నా. ఈసారి ఎవరైనా అడిగితే చదువుకోమంటా.

మోబా అంటే తెలీనివాళ్ల కోసం టూకీగా. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, ఒక్కొక్కరూ ఒక్కో హీరో పాత్రని ఆడిస్తారు. మ్యాప్ మీద మూడు లేన్లు, వాటి మధ్య జంగిల్, ఎదురెదురు మూలల్లో రెండు బేస్‌లు. లేన్ల పొడుగునా టవర్లు. అవతలి బేస్‌లో ఉన్న అసలు కట్టడాన్ని ఎవరు ముందు కూలిస్తే వాళ్లది గెలుపు. దాన్ని డోటా అనే ఆటలో ఏన్షెంట్ అంటారు, లీగ్ ఆఫ్ లెజెండ్స్ (లీగ్) అనే ఆటలో నెక్సస్ అంటారు. వార్‌క్రాఫ్ట్ 3 ఆటకి ఆటగాళ్లే సొంతంగా చేసుకున్న డోటా మ్యాప్ 2003లో వచ్చింది, ఇప్పుడున్న మోబాలన్నీ ఇంచుమించు దాని బాటలో నడిచినవే. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2009లో, డోటా 2 2013లో విడుదలయ్యాయి. మా దగ్గర ఆడేది ఎక్కువగా డోటా 2 కాబట్టి నా లెక్కలన్నీ అందులోవే.

అపోహ: కిల్స్ ఎక్కువున్న టీమే గెలుస్తుంది.

కాదు. నూటికి నూరుపాళ్లు కాదు. స్క్రీన్ పైన రెండు అంకెలు పెద్దగా కనబడతాయి కాబట్టి అదే స్కోర్ అనుకుంటారు. ఆట ఆ అంకెల్ని పట్టించుకోదు. 50-10 ఉన్నా మీ ఏన్షెంట్ పడిందంటే మీరు ఓడినట్టే.

కబడ్డీలో ఒకణ్ని అవుట్ చేస్తే పాయింట్ వస్తుంది. ఇక్కడ పాయింట్ లేదు. అవుటైనవాడు బయట కూర్చున్నంత సేపు వాళ్లు నలుగురే, మీరు ఐదుగురు. మీకు దక్కేది ఆ కాసేపే. లెవెల్ పెరిగేకొద్దీ ఆ సమయమూ పెరుగుతుంది, ఆట చివర్లో నిమిషం దాటుతుంది. ఆ వ్యవధిలో ఏం చేశావన్నదే లెక్క. పక్కన టవర్ ఉంటే కొట్టు. మీ క్రీప్స్, అంటే ఆటే పంపే చిన్న సైనికులు, ముందుకెళ్తుంటే వాటితో పాటు వెళ్లు. ఐదుగురూ బతికే ఉంటే రోషన్ అనే రాక్షసుణ్ని కొట్టి, చచ్చినా మళ్లీ లేపే ఈజిస్ తెచ్చుకో. ఏదీ కుదరకపోతే లేన్‌కొచ్చి ఫార్మ్ చేసుకో, అంటే క్రీప్స్ని కొట్టి గోల్డ్ పోగేసుకో. మా కుర్రాళ్లేం చేస్తారు? కిల్ పడగానే ఇంకోణ్ని వెతుక్కుంటూ అవతలివాళ్ల జంగిల్లోకి దూరతారు. అక్కడ చీకట్లో ముగ్గురు కాచుకుని ఉంటారు.

గోల్డ్, అంటే ఆటలో ఐటెమ్స్ కొనే డబ్బు. దాని లెక్క చూద్దాం. డోటాలో ప్రతి 30 సెకన్లకీ ఒక వేవ్, అంటే క్రీప్స్ గుంపు, దిగుతుంది. మొదట్లో ఒక వేవ్‌కి నాలుగు క్రీప్స్, ముగ్గురు దగ్గరగా కొట్టేవాళ్లు, ఒకడు దూరం నుంచి కొట్టేవాడు. నాలుగింటికీ లాస్ట్ హిట్, అంటే చంపే ఆఖరి దెబ్బ, నీదే అయితే సుమారు 150 గోల్డ్ వస్తుంది, ప్యాచ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. ఆట మొదట్లో ఒక కిల్‌కి వచ్చేది కూడా ఇంచుమించు ఒకటి రెండు వేవ్‌ల గోల్డే. అంటే ఒకడి వెనకాల నిమిషం పరిగెత్తి దొరకబుచ్చుకుంటే, ఈలోపు రెండు వేవ్‌లు వదిలేశావు కాబట్టి లెక్క సరికి సరి. దొరక్కపోతే నష్టం. నువ్వే చచ్చావా, మరీ నష్టం. అవతలివాడి జేబులో గోల్డ్ పడుతుంది, నీ జేబులోది కొంత పోతుంది.

ఈ 18 కిల్స్ మహానుభావుడికి తెలీని సంగతి ఇంకోటుంది. చావకుండా వరసగా కిల్స్ కొడుతున్నవాడి తలకి రేటు పెరుగుతూ పోతుంది. అలాంటివాడు ఒక్కసారి దొరికితే అవతలి టీమ్‌కి వచ్చే గోల్డ్ మామూలు కిల్ కంటే చాలా ఎక్కువ. ఒంటరిగా జంగిల్లో దొరికిపోయిన ప్రతిసారీ అవతలి క్యారీకి, అంటే ఆట చివర్లో టీమ్ భారం మోసేవాడికి, ఐటెమ్స్ కొనిపెట్టింది మా వాడే.

పోయినేడు సిరిమానోత్సవం వారంలో ఒక మ్యాచ్ చూశాను. ఆ రోజుల్లో కోట వైపు బండి కదలదు, మా సెంటర్‌లో కుర్చీ ఖాళీ ఉండదు. ఒకే కాలేజీ వాళ్లు ఐదుగురు, నలుగురు అబ్బాయిలు, ఒకమ్మాయి. 35వ నిమిషానికి కిల్స్ 41-23. కేకలు, చప్పట్లు. అవతల పక్ అనే హీరో ఉన్నాడు. వాడి సంగతి తెలిసిందే, ఆర్బ్ వదులుతాడు, మాయమవుతాడు, ఇంకోచోట తేలతాడు. టాప్ వైపు జంగిల్లో నలుగురూ వాడి వెనకాల పడ్డారు. ఆ అమ్మాయిది క్రిస్టల్ మెయిడెన్ అనే హీరో, సపోర్ట్, అంటే మిగతావాళ్లకి అండగా ఉండే పాత్ర. తనొక్కతే మినీమ్యాప్ చూస్తోంది. "ఒరే, కింద ప్రాఫెట్ దిగాడ్రా, టీపీ కొట్టండ్రా" అని, అంటే టెలిపోర్ట్ అయి బేస్‌కి రండని, అరుస్తోంది. వినేవాడెవడు? ప్రాఫెట్ అంటే అవతలి టీమ్ హీరో నేచర్స్ ప్రాఫెట్, మ్యాప్‌లో ఎక్కడికైనా టెలిపోర్ట్ అవ్వగలడు. బాటమ్ లేన్లో క్రీప్స్‌ని కలుపుకుని, చెట్లని ట్రీయెంట్లుగా మార్చుకుని, ఆ లేన్లో ఆఖరిదైన టైర్ 3 టవర్ పడేసి, దాని వెనకున్న బ్యారక్స్ అనే కట్టడాల మీద పడ్డాడు. ఇక్కడ పక్ చచ్చాడు. "42!" అని హైఫైలు కొట్టుకున్నారు. అదే క్షణంలో రెండో బ్యారక్స్ కూలింది. రెండు బ్యారక్సూ పోయాయి కాబట్టి ఇక ఆ లేన్లో అవతలివి మామూలువాటికంటే బలమైన సూపర్ క్రీప్స్. వాటిని ఆపడానికి ఎవరో ఒకరు బేస్‌లో ఉండిపోవాలి, టీమ్‌ఫైట్‌కి నలుగురే మిగులుతారు. పావుగంటలో మ్యాచ్ అయిపోయింది. చివర్లో స్కోర్ బోర్డ్ చూస్తే ప్రాఫెట్‌వి 2 కిల్స్, 9 చావులు.

"వాడు నూబ్ అన్నా, తొమ్మిదిసార్లు చచ్చాడు" అన్నాడు మా వాడు. టవర్ డ్యామేజీ గడి చూడరా అన్నాను. చూసి నోరు మూసుకున్నాడు.

కిల్స్ వద్దని కాదు. గ్యాంక్ చెయ్యాలి, అంటే ఒక్కడి మీద కలిసి పడాలి, ఫైట్ తీసుకోవాలి, అవి లేకపోతే ఆటే లేదు. కిల్ తర్వాత ఏ టవర్ వస్తుందో చెప్పలేకపోతే ఆ కిల్ కోసం అంత దూరం పోకు. కొత్తవాళ్లకి నేను పెట్టే పరీక్ష కూడా అదే. రీప్లే వేసి, ప్రతి కిల్ దగ్గరా ఆపి, "తర్వాత 30 సెకన్లు ఏం చేశావు?" అని అడుగుతా. చాలామంది చేసింది ఛాట్‌లో అవతలివాణ్ని వెక్కిరించడం.

అపోహ: సపోర్ట్ అంటే చేతకానివాడు ఆడేది.

పై కథలో సపోర్ట్ ఆడిన ఆ అమ్మాయి మాట విని ఉంటే గెలిచేవారు. అంతకంటే చెప్పను. వార్డ్‌లు (చీకట్లో చూపునిచ్చే కాపలా కళ్లు) పెట్టేవాడు లేకపోతే మిగతా నలుగురూ గుడ్డివాళ్లే.

అపోహ: ఇదీ పబ్జీ లాంటిదే.

ఇది పిల్లల అపోహ కాదు, పెద్దవాళ్లది. ఆ మధ్య గజపతినగరం నుంచి ఒకాయన వచ్చారు. చేతిలో కూరగాయల సంచి. గుమ్మం దగ్గరే నిలబడి, "బాబూ, మా గుంటడు ఇక్కడికే వత్తన్నాడంట. ఏటి ఆడతన్నాడు, పబ్జీయేనా?" అని అడిగారు. కోపం లేదు, భయం ఉంది. పేపర్లో ఏదో చదివారు, రాత్రి నిద్ర పట్టలేదట. కూర్చోబెట్టి, కొడుకు పక్కనే కుర్చీ వేసి ఒక మ్యాచ్ మొత్తం చూపించాను. సగంలో ఆయనే "ఆ టవరు పక్కనెవులూ లేరు, కొట్టీరా!" అన్నారు. నిజం చెప్తున్నా, మా వాళ్ల కంటే ఆయనకే త్వరగా అర్థమైంది.

పబ్జీ, ఫ్రీ ఫైర్ లాంటివి బ్యాటిల్ రాయల్. చివరిదాకా బతికినవాళ్లదే గెలుపు. మోబాలో చచ్చినా మళ్లీ లేస్తారు, కోట కూల్చడమే పని. రెండూ వేరు.

అమ్మానాన్నలకి పనికొచ్చే సంగతి ఒకటుంది. డోటా మ్యాచ్ అరగంట పైనే, ఒక్కోసారి గంట దగ్గరికి పోతుంది. పాజ్ నొక్కొచ్చు గానీ అవతలివాళ్లు తీసేస్తారు. మధ్యలో లేచిపోతే మిగతా నలుగురూ ఇరుక్కుంటారు, ఐదు నిమిషాలు దాటి బయటుంటే అబాండన్, అంటే మ్యాచ్ వదిలేశాడన్న మచ్చ, పడుతుంది, ఆ తర్వాత లో ప్రయారిటీ అనే శిక్ష. "అన్నానికి రా" అన్నప్పుడు పిల్లాడు కదలకపోవడం అన్నిసార్లూ పొగరు కాదు. మ్యాచ్ మధ్యలో పిలిచే బదులు మ్యాచ్ మొదలవకముందే "ఇదే ఆఖరిది" అనిపించుకోండి. పిల్లలూ, భోజనాల వేళ తెలిసీ క్యూ నొక్కి కొత్త మ్యాచ్ వెతికితే తప్పు మీది. పరీక్షలున్న వారంలో నా దగ్గరికే రావద్దు, పంపించేస్తాను.

అపోహ: డబ్బు పెడితేనే గెలుస్తారు, ఇది రమ్మీ లాంటి జూదం.

డోటా 2లో 120కి పైగా హీరోలున్నారు, అందరూ ఉచితం. కొనేవి స్కిన్స్, అంటే వేషాలు. వేషం మారితే దెబ్బ గట్టిగా తగలదు. ట్రెజర్స్ అనేవి ఉంటాయి, ఏది వస్తుందో తెలీకుండా డబ్బు పెట్టి తెరిచేవి. వాటి జోలికి పోవద్దని నా మాట. ఇక జూదం సంగతి. డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం నిషేధించింది, అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. మ్యాచ్ మీద బయట ఎవడైనా పందెం కడదామంటే అది జూదమే, మా సెంటర్‌లో ఆ మాటెత్తితే కుర్చీ ఖాళీ చెయ్యాల్సిందే. "మీ ర్యాంక్ పెంచి పెడతాం, లాగిన్ ఇవ్వండి" అనేవాళ్లకి అకౌంట్ ఇచ్చి పోగొట్టుకుని ఏడ్చినవాళ్లని చూశాను. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. స్నేహితుడికైనా సరే.

అపోహ: ఖరీదైన కంప్యూటర్ లేకపోతే కుదరదు.

డోటా, లీగ్ రెండూ సెట్టింగ్స్ తగ్గిస్తే పాత మెషీన్ల మీద కూడా నడుస్తాయి. ఫోన్‌లో అయితే పోకెమాన్ యునైట్, మ్యాచ్ పది నిమిషాలే, టవర్ల బదులు గోల్స్ ఉంటాయి గానీ ఆట స్వభావం అదే. మొబైల్ లెజెండ్స్ గురించి అడగొద్దు, 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. ఎవడో పంపిన ఫైల్ ఫోన్‌లోకి ఎక్కించుకోవడం నేను నేర్పను.

అపోహ: ఇందులో భవిష్యత్తే లేదు. దీనికి కవల అపోహ: చదువు మానేసి ఇదే ఆడితే కోట్లు.

2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో డోటా 2లో మన దేశానికి కాంస్యం వచ్చింది. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో డోటా 2కీ, లీగ్‌కీ పతకాలిచ్చారు. డోటా 2 పెద్ద టోర్నీ ది ఇంటర్నేషనల్‌లో 2021లో ప్రైజ్ మనీ మొత్తం 4 కోట్ల డాలర్లు. ఇవన్నీ నిజమే. ఆ స్థాయికి చేరేది ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది అన్నదీ నిజమే. డిగ్రీ పూర్తి చెయ్యి, సాయంత్రాలు ఆడుకో.

మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా అడిగేది: ఏ హీరో? రైత్ కింగ్, లేదా ఓగర్ మేజై. నొక్కాల్సిన బటన్లు తక్కువ, ఒక దెబ్బకి చావరు. సపోర్ట్ ఇష్టమైతే లిచ్. ముందు కంప్యూటరే ఆడించే బాట్స్‌తో ఆడు, లాస్ట్ హిట్స్ చేతికి అలవాటయ్యేదాకా మనుషుల జోలికి పోకు. ఛాట్‌లో ఎవడైనా తిడితే జవాబివ్వకు, మ్యూట్ నొక్కు. ఒకే హీరోని పట్టుకుని కొన్నాళ్లు ఆడు. మిడ్, అంటే మధ్య లేన్, మాత్రం అడక్కు, అది ఇప్పుడిప్పుడే నీకు కాదు.